లక్షలోపు 110 అంగుళాల 4కె బొమ్మ: హనుమకొండ మేడగది కేస్ స్టడీ

ఒక ఇంట్లో ప్రొజెక్టర్‌తో గోడ మీద 110 అంగుళాల బొమ్మ వేసే ఏర్పాటు చేశాం, ఆ కథ ఇది. ముందు గది కొలతలు చెబుతాను. ఈ పనిలో ప్రతి నిర్ణయమూ వాటిని బట్టే తీసుకున్నాం. హనుమకొండలో మేడ మీద గది. పొడవు పదమూడున్నర అడుగులు, వెడల్పు 11, స్లాబు ఎత్తు 10. తూర్పున ఒక కిటికీ, నడిమధ్యన సీలింగ్ ఫ్యాను, ఒక టన్ను ఏసీ. గోడలకూ స్లాబుకూ తళతళలాడే తెల్ల రంగు. ఇంటాయన బ్యాంకు ఉద్యోగి, ఇంటావిడ టీచర్. ఇద్దరు పిల్లలు, ఇంట్లో ఒక పెద్దావిడ. బడ్జెట్ లక్ష రూపాయలు. రంగు, కరెంటు పని, కర్టెన్లు అన్నీ అందులోనే సర్దాలి. యాంప్లిఫయర్, స్పీకర్లు ముందే ఉన్నాయి కాబట్టి సౌండ్ ఖర్చు లేదు.

వాళ్లు అడిగింది ఒక్కటే. "అన్నా, బొమ్మ పెద్దగా ఉండాలె, దగ్గరగా కూర్చున్నా టీవీ లెక్కనే పదునుగా ఉండాలె." నేను వెళ్లేసరికే ఆయన ఫోన్లో పదివేల లోపు ప్రొజెక్టర్ ఒకటి చూసి పెట్టుకున్నారు. దాని మీద '4కె సపోర్ట్' అని పెద్ద అక్షరాలతో ఉంది.

ఆ మాట దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. 4కె సపోర్ట్ అంటే 3840×2160 సిగ్నల్ పంపితే ఆ పెట్టె తీసుకుంటుందని మాత్రమే. లోపల ఉన్న ప్యానెల్ 1280×720 అయితే తెర మీద పడేది అదే. అడగాల్సింది నేటివ్ రిజల్యూషన్, అంటే ప్యానెల్ మీద నిజంగా ఉన్న పిక్సెళ్లు (బొమ్మ చుక్కలు), ఎంత అని. 1080పి అంటే 20.7 లక్షల పిక్సెళ్లు, 4కె అంటే 82.9 లక్షలు. ల్యూమెన్ల (ప్రొజెక్టర్ ఇచ్చే మొత్తం వెలుతురు కొలత) సంగతీ ఇంతే. ఆన్సీ ల్యూమెన్లు అనో, ఐఎస్‌ఓ 21118 ప్రకారం కొలిచామనో రాసి ఉంటేనే ఆ అంకెను లెక్కలోకి తీసుకోవాలి. ఉత్తినే 'ల్యూమెన్లు' అని వేలల్లో రాసి ఉంటే, అది లెన్స్ దాటి బయటికొచ్చే వెలుతురు కొలత అని నమ్మడానికి లేదు.

అసలు ఈ గదికి 4కె అవసరమా? దీనికి లెక్క ఉంది. చూపు బాగున్న మనిషి కన్ను దాదాపు ఒక ఆర్క్ మినిట్ కోణం వరకు రెండు వివరాలను విడదీసి చూడగలదు. ఆర్క్ మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. మూల నుంచి మూలకు 110 అంగుళాలున్న బొమ్మ వెడల్పు దాదాపు 8 అడుగులు, ఎత్తు నాలుగున్నర. ఆ వెడల్పులో 1920 పిక్సెళ్లు పరిస్తే ఒక్కోటి 1.27 మిల్లీమీటర్లు, 3840 పరిస్తే 0.63. సోఫాలో కూర్చున్నప్పుడు తల తెరకు పదిన్నర అడుగుల దూరంలో ఉంటుంది. ఆ దూరం నుంచి ఒక ఆర్క్ మినిట్ అంటే తెర మీద 0.93 మిల్లీమీటర్లు. అంటే 1080పి గళ్లు కంటికి చిక్కుతాయి, 4కె గళ్లు చిక్కవు. ఇదే సోఫా పద్నాలుగున్నర అడుగుల దూరంలో వేసుకునే గది అయ్యుంటే నేనే 1080పి కొనిపించి, మిగిలిన డబ్బు వేరే చోట పెట్టించేవాణ్ని. ఈ గదిలో మాత్రం 4కె ఖర్చు కంటికి కనిపిస్తుంది.

అయితే ఆ 0.63 మిల్లీమీటర్ల వివరం చిప్పు నుంచి కంటి దాకా చెక్కుచెదరకుండా చేరాలి. దారిలో లెన్స్, స్టాండు, గోడ, స్లాబు, కేబులు, యాప్ ఒక్కొక్కటీ కొంత తినేస్తాయి. ఈ ఇంట్లో ఖర్చంతా ఏది ఎంత తింటోందో చూసుకుని పెట్టాం.

నేటివ్ 4కె చిప్పులున్న హోమ్ సినిమా ప్రొజెక్టర్లు ఈ బడ్జెట్‌కు అందనంత దూరంలో ఉన్నాయి. అందేది పిక్సెల్ షిఫ్టింగ్ రకం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసే 0.47 అంగుళాల డీఎల్‌పీ చిప్పు మీద 1920×1080 బుల్లి అద్దాలుంటాయి. చిప్పుకూ లెన్స్‌కూ మధ్య ఒక పల్చటి గాజు పలక అతి వేగంగా వంగుతూ బొమ్మను నాలుగు చోట్లకు కొద్దికొద్దిగా జరుపుతుంది. సెకనులో అరవయ్యో వంతులో నాలుగు బొమ్మలు పడతాయి, కన్ను వాటిని ఒక్కటిగా చూస్తుంది. నాలుగూ కలిపితే 83 లక్షల పిక్సెళ్లు. ఇది దొంగ 4కె అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. పక్కపక్క పిక్సెళ్లు కొంచెం ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి కాబట్టి సన్న గీతల్లో నలుపు తెలుపుల తేడా నేటివ్ అంత ఉండదు, నిజమే. కానీ 1080పిలో అలుక్కుపోయే అక్షరం ఇందులో చదవగలం. మనకు కావాల్సింది అదే.

కొత్తది కొంటే బడ్జెట్ అంతా దానికే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగినా, కొత్త ల్యాంప్ 4కె మోడల్ ఈ లక్షలో ఇమడలేదు. అందుకని సెకండ్ హ్యాండ్‌కు వెళ్లాం. హైదరాబాద్‌లో ఒకాయన ఇంట్లో అదే 0.47 చిప్పు ఉన్న ల్యాంప్ మోడల్ 58,000కు దొరికింది.

సెకండ్ హ్యాండ్ ప్రొజెక్టర్ కొనేటప్పుడు ల్యాంప్ గంటల మీటర్ చూసి సంబరపడకూడదు. దాన్ని మెనూలోంచి సున్నా చేయొచ్చు. నమ్మదగింది లక్స్ మీటర్ (ఒక చోట పడే వెలుతురును కొలిచేది) ఒక్కటే. ప్రొజెక్టర్‌తో బొమ్మ నిండా తెలుపు వేయించి, దాన్ని మూడు అడ్డు, మూడు నిలువు భాగాలు చేసి, తొమ్మిది గడుల మధ్యలో రీడింగ్ తీసుకోవాలి. సగటు లక్స్‌ను బొమ్మ వైశాల్యంతో, చదరపు మీటర్లలో, గుణిస్తే ల్యూమెన్లు. ఇక్కడ సినిమా మోడ్‌లో సగటు 270 లక్స్ వచ్చింది. 110 అంగుళాల బొమ్మ 3.34 చదరపు మీటర్లు. అంటే 900 ల్యూమెన్లు. బాక్సు మీద 2,200 అని ఉంది కదా అని ఇంటాయన కంగారుపడ్డారు. ఆ అంకె పచ్చగా కొట్టే బ్రైట్ మోడ్‌ది. రంగులు సరిగ్గా ఉండే మోడ్‌లో సగం కూడా రాకపోవడం ఈ రకం ప్రొజెక్టర్లలో మామూలే.

900 ల్యూమెన్లు సరిపోతాయా? 36 చదరపు అడుగులతో భాగిస్తే 25 ఫుట్ ల్యాంబర్ట్‌లు (తెర నుంచి కంటికొచ్చే వెలుగు కొలత). డిజిటల్ సినిమా థియేటర్‌కు ప్రామాణికం 14. చీకటి చేసిన గదిలో ఇది కావలసిన దానికంటే ఎక్కువే. ఈకో మోడ్‌లో 190 లక్స్ వచ్చింది, అంటే పదిహేడున్నర. రోజువారీకి దాన్నే వాడమన్నాను: ప్రొజెక్టర్ లోపలి ఫ్యాను చప్పుడు తగ్గుతుంది, ల్యాంప్ ఎక్కువ కాలం వస్తుంది.

మిగతా పరీక్షలు త్వరగానే అయిపోయాయి. పూర్తి నల్ల తెర వేసి తెల్ల చుక్కలున్నాయా అని చూశాం. డీఎల్‌పీలో అద్దం ఇరుక్కుపోతే అలా కనిపిస్తుంది. నాలుగు మూలల్లో చిన్న అక్షరాలు వేసి ఫోకస్ చూశాం. సింగిల్ చిప్ డీఎల్‌పీలో రంగులు చక్రం తిరిగినట్టు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి కాబట్టి కొందరికి కళ్లు తిప్పినప్పుడు తెల్ల అక్షరాల అంచున ఇంద్రధనుస్సు మెరుపు కనిపిస్తుంది. ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లింది ఇందుకే. నల్ల తెర మీద సబ్‌టైటిల్స్ వేసి అటూ ఇటూ చూడమంటే చిన్నమ్మాయికి కాస్త కనిపించింది, ఇబ్బంది అనిపించలేదంది. ఆ అమ్మాయి తల పట్టుకుని ఉంటే ఆ బేరం అక్కడితో వదిలేసేవాళ్లం.

ఇక గోడ. రెడీమేడ్ స్క్రీన్ కొనకుండా గోడనే తెర చేశాం. చవక పుల్ డౌన్ స్క్రీన్లు కొన్నాళ్లకు అంచుల్లో అలలు తిరుగుతాయి, అప్పుడు ఫోకస్ చోటుకో రకంగా ఉంటుంది. గోడ అలలు తిరగదు. కానీ మన గోడలు చూపుకు నున్నగా కనిపించినా నిజానికి నున్నగా ఉండవు. రాత్రిపూట లైట్లు ఆర్పి, ట్యూబ్ లైట్‌ను గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పెడితే తాపీ గీతలు, రోలర్ మచ్చలు, పాత మేకు గుంతలు అన్నీ బయటపడతాయి. పెయింటర్‌కు ఇదే చూపించాను. రెండు చేతుల పుట్టీ, ఆరాక 180 నంబర్ ఎమ్రీ పేపర్, తర్వాత 320 నంబర్. మళ్లీ ట్యూబ్ లైట్ పెట్టి చూడటం. నీడ కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో సున్న చుట్టి, అక్కడ మళ్లీ పుట్టీ, మళ్లీ ఎమ్రీ. పెయింటర్‌కు మొదట విసుగొచ్చింది, సున్నలు తగ్గుతున్న కొద్దీ ఆయనే ట్యూబ్ లైట్ పట్టుకుని వెతకడం మొదలుపెట్టాడు. ప్రైమర్ మీద పూర్తి మ్యాట్ తెలుపు, పొట్టి నూగు రోలర్‌తో రెండు కోట్లు. షీన్ ఉన్న ఎమల్షన్ వేస్తే బొమ్మ మధ్యలో లైటు మచ్చలా మెరుస్తుంది. తెలుపు ఇంకా తెల్లగా కనిపించాలని నీలం చుక్కలు కలపడం పెయింటర్లకు అలవాటు; అది వద్దని గట్టిగా చెప్పాను, చర్మం రంగులు చల్లబడిపోతాయి. చుట్టూ మూడంగుళాల చెక్క బీడింగ్‌కు నల్ల వెల్వెట్ అంటించి ఫ్రేమ్ కట్టాం. అంచు దాటిన వెలుతురును వెల్వెట్ మింగేస్తుంది, బొమ్మ కత్తితో కోసినట్టు కనిపిస్తుంది.

ప్రొజెక్టర్ ఎక్కడ పెట్టాలన్నది నాకు ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. ఎలక్ట్రీషియన్ స్లాబుకు పైపు దించి వేలాడదీద్దామన్నాడు. అందరూ చేసేది అదే. వేలాడదీస్తే ఏమవుతుందో చూపించడానికి తాత్కాలికంగా అలాగే బిగించి, తెర మీద చిన్న అక్షరాల పేజీ వేసి, ఫ్యాను ఐదు మీద పెట్టాను. అక్షరాలు మసకబారాయి. ఫ్యాను ఆపితే మళ్లీ పదునెక్కాయి. పైపు కదులుతున్నట్టు కంటికి కనిపించదు. కానీ తెర 12 అడుగుల దూరంలో ఉంది. ప్రొజెక్టర్ డిగ్రీలో నూరో వంతు వంగితే చాలు, బొమ్మ ఒక 4కె పిక్సెల్ అంత జరిగిపోతుంది. ఫ్యానూ పైపూ ఒకే స్లాబుకు వేలాడుతున్నాయి, ఆ వణుకు నేరుగా లెన్స్ దాకా వస్తోంది. మన ఇళ్లలో ఫ్యాను లేకుండా సినిమా చూడటం కుదరని పని. అందుకే వెనక గోడకు యాంగిల్ బ్రాకెట్లు దిగగొట్టి, 18 అంగుళాల వెడల్పున్న మందపాటి ప్లైవుడ్ అర వేసి, దాని కిందివైపు పొట్టి క్లాంపుతో తలకిందులుగా బిగించాం. ఫ్యాను ఐదు మీద తిరుగుతున్నా పేజీ చెక్కుచెదరలేదు. ఇందుకు అయిన ఖర్చు 1,500. నా లెక్కలో ఈ ఇంట్లో రిజల్యూషన్ కోసం పెట్టిన అత్యుత్తమ ఖర్చు అదే.

ఎత్తు కూడా లెక్కపెట్టే పెట్టాం. ఈ మోడల్‌లో లెన్స్ బొమ్మ పై అంచు కంటే సుమారు 5 అంగుళాలు పైన ఉండాలి. బొమ్మ పై అంచు 6 అడుగుల 9 అంగుళాల దగ్గర, లెన్స్ 7 అడుగుల 2 అంగుళాల దగ్గర. అలా పెడితే కీస్టోన్ (ఓరగా పడిన బొమ్మ వంకర) సరిదిద్దే పనే ఉండదు. డిజిటల్ కీస్టోన్ ఒక్క గీత పెట్టినా ప్రతి వరుసనూ కుదించి మళ్లీ గీస్తుంది, చిప్పు మీద కొన్ని పిక్సెళ్లు ఖాళీగా పడి ఉంటాయి, సన్న వివరం ముందు చచ్చిపోతుంది. డబ్బిచ్చి 4కె కొని కీస్టోన్‌తో దాన్ని మళ్లీ తగ్గించుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఎన్నో ఇళ్లలో ఇది చూస్తుంటాను. ఫోకస్ మాత్రం ల్యాంప్ వెలిగించిన అరగంట తర్వాతే పెట్టాలి. వేడికి లెన్స్ స్థిరపడే దాకా ఫోకస్ కొద్దిగా జారుతుంది.

తర్వాత చీకటి. కిటికీ మూసినంత మాత్రాన గది చీకటి కాదు. తెర మీది వెలుతురే తెల్ల స్లాబుకూ గోడలకూ కొట్టి తిరిగి తెర మీద పడుతుంది, నల్లగా ఉండాల్సిన చోటు బూడిద రంగుకు తిరుగుతుంది. నలుపు తేలిపోతే ఎన్ని పిక్సెళ్లున్నా బొమ్మ పల్చగా కనిపిస్తుంది. నలుపు తెలుపు గళ్ల బొమ్మ వేసి కొలిస్తే తెల్ల గడిలో 190 లక్స్ ఉన్నప్పుడు నల్ల గడిలో 6 ఉంది. స్లాబుకు నల్ల రంగు వేద్దామనగానే పెద్దావిడ ఒప్పుకోలేదు. "ఇంట్ల నల్ల రంగు ఎవలన్న ఏస్తరా బిడ్డా?" ఆవిడ మాటకు విలువ ఇవ్వాల్సిందే, అది ఆవిడ ఇల్లు. తెర నుంచి ఐదడుగుల మేర స్లాబుకు ముదురు బూడిద రంగు మ్యాట్ వేశాం, అదైతే సరేనన్నారు. పక్క గోడలకు అదే రంగు మందపాటి కర్టెన్లు, పగలు వెనక్కి లాగేసేలా రెయిల్ మీద. మళ్లీ కొలిస్తే నల్ల గడి 2 లక్స్‌కు దిగింది. 32 రెట్ల తేడా 95 రెట్లయింది. మన పెద్ద సినిమాలు ఎక్కువగా స్కోప్‌లోనే (వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ ఉండే ఆకారం) వస్తాయి. 8 అడుగుల వెడల్పులో అసలు బొమ్మ ఎత్తు మూడడుగుల నాలుగంగుళాలే, పైనా కిందా నల్ల పట్టీలు. ఆ పట్టీలు కలిసిపోయేలా చేసేది ఈ చీకటే.

సిగ్నల్ సంగతి. 4కె బొమ్మ సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పూర్తి రంగు వివరాలతో పోవాలంటే హెచ్‌డీఎంఐలో సెకనుకు 18 గిగాబిట్లు పట్టాలి. తెర కింది అరలో ఉన్న యాంప్లిఫయర్ నుంచి ప్రొజెక్టర్ దాకా పైపులో చుట్టి తెస్తే తీగ పొడవు 12 మీటర్లు. అంత దూరానికి మామూలు రాగి కేబుల్ ఈ వేగాన్ని మోయడం కష్టం. తెర మీద చుక్కలు మెరవడం, బొమ్మ పోయి పోయి రావడం మొదలవుతుంది. ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ 3,800 పెట్టి తీసుకున్నాం. దానికి దిశ ఉంటుంది: ఒక కొన మీద సోర్స్, రెండో దాని మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. గోడలోకి దింపే ముందు నేల మీద పరిచి పూర్తి 4కె సిగ్నల్ ఆడించి చూసుకోవాలి, పైపులో గట్టి మలుపులు ఉండకూడదు.

స్ట్రీమింగ్ బాక్సు కొనేటప్పుడు వైడ్‌వైన్ ఎల్1 (యాప్‌ల వీడియోను కాపీ కాకుండా కాపాడే తాళంలో పై స్థాయి) ఉందా అని అడగాలి. అది లేకపోతే చాలా యాప్‌లు ఎస్‌డీ నాణ్యత దగ్గరే ఆగిపోతాయి, తెర ఎంత 4కె అయినా లాభం లేదు. 4కెకి నెట్‌ఫ్లిక్స్ సూచించే వేగం సెకనుకు 15 మెగాబిట్లు. బ్లూరే డిస్కులో 1080పి వీడియోకే 40 మెగాబిట్ల దాకా ఇవ్వొచ్చు. మంచి డిస్కు ఉంటే 1080పి అయినా స్ట్రీమింగ్ 4కెకి గట్టి పోటీ ఇస్తుంది, ఇంటాయన పాత డిస్కుల పెట్టె అటక మీదినుంచి దింపించింది ఇది చూశాకే. పోతే, బాక్సులో ఫ్రేమ్ రేట్ మ్యాచింగ్ ఆన్ చేశాం: సినిమా సెకనుకు 24 ఫ్రేములు, మన టీవీ క్రికెట్ 50. రెంటినీ 60లోకి తోస్తే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపులతో కదులుతుంది.

హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడాను మామూలు కంటే ఎక్కువగా చూపే పద్ధతి) ఆఫ్ చేయించాను. ఇంటాయనకు ఇది కొరుకుడు పడలేదు. హెచ్‌డీఆర్ సినిమాలు చాలావరకు 1,000 నిట్ల (ఇదీ తెర వెలుగు కొలతే) వెలుగును దృష్టిలో పెట్టుకుని తయారవుతాయి. మన 25 ఫుట్ ల్యాంబర్ట్‌లు అంటే 86 నిట్లు. ప్రొజెక్టర్ ఆ తేడాను కుదించబోయి బొమ్మంతా చీకటి చేసేస్తుంది. ఒకే సీనును రెండు రకాలుగా వేసి చూపించాక ఎస్‌డీఆర్ (మామూలు పద్ధతి) ఉంచమన్నారు. షార్ప్‌నెస్ కూడా తగ్గించాం. పెంచితే అంచుల చుట్టూ తెల్ల గీతలు పుడతాయి, అది వివరం కాదు.

కరెంటు పోతే ల్యాంప్‌తో పాటు లోపలి ఫ్యానూ ఆగుతుంది, వేడంతా లోపలే ఉండిపోతుంది. ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది, దాని మీద దీన్ని నడపదలచుకోలేదు. ఒక కేవీఏ సైన్ వేవ్ యూపీఎస్ పెట్టాం. సినిమా పూర్తి చేయడానికి కాదు, పద్ధతిగా ఆపి చల్లబరిచేంత సమయం కోసం. ఎండాకాలం మాకు 44 డిగ్రీలు మామూలు. ఈ రకం ప్రొజెక్టర్లు సాధారణంగా 40 డిగ్రీల లోపు గదికే తయారవుతాయి, కాబట్టి మేడగదిలో ముందు ఏసీ వేసి గది చల్లబడ్డాకే ప్రొజెక్టర్ ఆన్ చేయమని చెప్పాను.

లెక్క చూద్దాం. ప్రొజెక్టర్ 58,000. పుట్టీ నుంచి స్లాబు రంగు దాకా పెయింటర్ కూలీతో 6,500. వెల్వెట్ ఫ్రేమ్ 1,200, కర్టెన్లూ రెయిలూ 7,500. యూపీఎస్ 5,500, కేబుల్ 3,800, స్ట్రీమింగ్ బాక్సు 5,000. అర 1,500, వైరింగ్ 1,800. మొత్తం 90,800. మిగిలిన 9,200 ఖర్చు పెట్టనివ్వలేదు. అది తర్వాతి ల్యాంప్ డబ్బు. ఆ డబ్బుతో సబ్‌వూఫర్ కొందామని పెద్దబ్బాయి చాలా బతిమాలాడు.

ఇప్పుడు బొమ్మ ఎలా ఉంది? పదిన్నర అడుగుల నుంచి సబ్‌టైటిల్ అక్షరాల వంపులు మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా కనిపిస్తున్నాయి. క్లోజప్‌లో కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా తెలుస్తాయి. ఎడమ వైపు కింది మూలలో ఫోకస్ మధ్యలో ఉన్నంత లేదు. ఈ ధర లెన్స్‌లో అది ఉంటుంది, నేను మధ్యకూ మూలలకూ సమంగా పంచి వదిలేశాను. పగటిపూట కర్టెన్లు వేసినా కిటికీ అంచుల్లోంచి వెలుతురు వస్తోంది, అక్కడ ఇంకో పొర కట్టాలి. 2కెలో (దాదాపు 1080పి అంత రిజల్యూషన్) పూర్తిచేసిన సినిమాలను 4కె అని స్ట్రీమింగ్‌లో పెడితే తేడా వెంటనే పట్టుకుంటున్నారు.

నిర్వహణ కాగితం ఒకటి అర పక్కన అంటించాను. గాలి వెళ్లే జాలీల దుమ్ము నెలకోసారి మెత్తటి బ్రష్‌తో దులపాలి. మూడు నెలలకోసారి తొమ్మిది చోట్ల లక్స్ కొలిచి రాసుకోవాలి. ఈకోలో సగటు 190 నుంచి 100కు చేరువైతే ల్యాంప్ మార్చే వేళయింది, ల్యాంప్ ఆయుష్షును కంపెనీలు లెక్కకట్టేదీ వెలుతురు సగానికి పడిపోయే దాకానే. ల్యాంప్‌లో పాదరసం ఉంటుంది. పాత దాన్ని చెత్తబుట్టలో వేయకుండా, పగలకుండా అదే డబ్బాలో పెట్టి ఈ వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వాలి.